అద్దాల తొట్టిలో సముద్రం



మా కోడేరుకు సముద్రం రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. ఇక్కడి వారికి నీళ్ళంటే చెరువు, బోరు, కొల్లాపూర్ దగ్గరి కృష్ణమ్మ, ఆ నది నుండి కల్వకుర్తి ఎత్తిపోతల ద్వారా ఈ ప్రాంతానికి వచ్చే కాలువ నీళ్ళు. బొంబాయికి కూలి పనికి వలసపోయి వచ్చినవారు తప్ప మా సంఘంలో సముద్రాన్ని కళ్ళారా చూసినవారు తక్కువ. అటువంటి ఊరిలో ఉండి, సముద్రపు జీవులను ఇంట్లో పెంచాలని మేము ఆశపడ్డాము. ఆ ఆశ మా చేత ఒక తప్పు చేయించింది, ఒక పాఠమూ నేర్పింది. ఆ రెండూ మీతో పంచుకోవాలనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

కిటికీలోని తెల్లకొమ్మ

మా ఇంటి కిటికీ గట్టు మీద పది పన్నెండేళ్ళ పాటు ఒక తెల్లని కొమ్మ ఉండేది. రామేశ్వరం వైపు వెళ్ళి వచ్చిన స్నేహితుడొకరు ప్రేమతో తెచ్చి ఇచ్చారు. జానెడు ఎత్తు, జింక కొమ్ముల వంటి శాఖలు, ముట్టుకుంటే గరుకు. సండే స్కూల్ పిల్లలకు సృష్టిని గూర్చి చెప్పేటప్పుడు దానిని వారి చేతికిచ్చి, "ఇది సముద్రంలో పెరిగే రాయి" అని చెప్పేవాళ్ళము. యోబు గ్రంథం 28వ అధ్యాయంలో జ్ఞానం విలువను చెబుతూ పగడాల ప్రస్తావన వస్తుంది. ఆ పాఠం వచ్చినప్పుడు కూడా ఆ కొమ్మనే చూపించేవాళ్ళము.

మా అక్క కొడుకు అమెరికాలో డాలస్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. 2021 జనవరిలో ఒక ఆదివారం సాయంకాలం వీడియోలో మాట్లాడుతూ మా వెనుక కిటికీలో ఆ కొమ్మను చూశాడు.

"మామా, అది ఏంది?"

"సముద్రపు రాయిరా" అన్నాము.

"రాయి కాదు మామా. వేల జీవులు కట్టుకున్న ఇల్లది. ఇప్పుడా ఇంట్ల ఎవ్వరూ లేరు."

ఆ మాట మాకు ఒకపట్టాన అర్థం కాలేదు. అతడే విడమరచి చెప్పాడు. పగడం మొక్క కాదు, రాయి కాదు, జంతువు. చాలా జాతులలో ఒక్కొక్క జీవి జొన్నగింజంతో, అంతకన్న చిన్నదో ఉంటుంది. మెత్తని ఒళ్ళు, పైన ఒక నోరు, దాని చుట్టూ సన్నని చేతులు. ఆ జీవి సముద్రపు నీటిలో కరిగి ఉన్న కాల్షియంను తీసుకొని తన కింద సున్నపు గూడు కట్టుకుంటుంది. దాని పక్కన ఇంకొకటి, దాని మీద మరొకటి. అట్లా ఏళ్ళ తరబడి కట్టగా కట్టగా కొమ్మలు, బండలు, చివరికి దీవులే ఏర్పడతాయి. ఆ జీవి ఒంటిలో కంటికి కనబడని నాచు కాపురముంటుంది. అది సూర్యకాంతితో ఆహారం తయారుచేసి ఇంటి యజమానికి పెడుతుంది. పగడానికి అన్ని రంగులు రావడంలోనూ దాని పాత్ర ఉంది. అందుకే పగడానికి తేటనీరూ, వెలుగూ రెండూ కావాలి. కొన్ని కొమ్మ పగడాలు సంవత్సరానికి బెత్తెడు పెరుగుతాయి గాని, బండ వలె పెరిగే జాతులు సంవత్సరమంతా కలిపి సెంటీమీటరు పెరగడం కూడా కష్టమే. సముద్రపు అడుగుభాగంలో ఈ పగడపు దిబ్బలు నూటికి ఒక పాలు కూడా లేవు. అయినా సముద్ర జీవుల జాతులలో సుమారు నాలుగవ వంతు వాటిని ఆశ్రయించి బ్రతుకుతున్నాయట.

మన ఆడవారు దండల్లో గుచ్చుకొనే ఎర్ర పగడం వేరు. అది మధ్యధరా సముద్రం వంటి చోట్ల దొరికే మరొక జాతి. మా కిటికీలోనిది దిబ్బలు కట్టే రాతి పగడం.

అక్క కాపలా కాసిన తొట్టి

మేనల్లుడికి ఇదంతా ఎట్లా తెలిసిందంటే, అతడు తన ఇంటిలో నాలుగడుగుల అద్దాల తొట్టిలో, దాదాపు 400 లీటర్ల ఉప్పునీటిలో, ప్రాణమున్న పగడాలను పెంచుతున్నాడు. అక్కడ పగడాలను పెంచేవారు ముక్కలు చేసి అంటు కట్టి ఒకరికొకరు ఇచ్చుకుంటారట. మన కొల్లాపూర్ తోటల్లో మామిడి అంటు కట్టినట్లే అనుకోండి. చిన్న ముక్కను రాతికి జిగురుతో అతికిస్తే కొన్ని వారాలలో పట్టుకొని కొత్త కొమ్మ వేస్తుంది. ఈ విధంగా ఇంటి తొట్టిలో పెరిగినదే చేతులు మారితే, సముద్రం నుండి పెరికి తేవలసిన అవసరం తగ్గుతుంది.

2020 డిసెంబరులో కోడలి కాన్పు కోసం మా అక్క డాలస్ వెళ్ళింది. కోడేరులో బర్రెలను సాకిన మనిషి. కొడుకు పనిలో కూర్చుంటే ఆ తొట్టి కాపలా ఆమె మీద పడింది. మొదట విసుక్కున్నది గాని, రెండు వారాలలోనే ఫోన్లో మనుమడి ముచ్చట్లకంటే తొట్టి ముచ్చట్లే ఎక్కువైనాయి.

ఒక రోజు ఉదయమే ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది. "తమ్మీ, రొయ్య సచ్చిపోయిందిరా! తెల్లగ తేలుతున్నది. పోరడు లేస్తే ఏం జెప్పాలె?" మేము ఇక్కడ నుండి ఏమి ఓదార్చగలము? గంట తరువాత మళ్ళీ ఫోన్. రొయ్య రాతి వెనుక నుండి ఇంకా కొంచెం పెద్దదై నడిచి వచ్చిందట! పాము కుబుసం విడిచినట్లు రొయ్య తన పై పెంకును విడిచిపెడుతుందని, కొత్త పెంకు గట్టిపడేదాకా చాటున దాగి ఉంటుందని అప్పుడు తెలిసింది. ఆ రోజంతా అక్క నవ్వుతూనే ఉన్నది.

ఇంకొకటి ఆమె నేర్చుకున్న సంగతి మేత. "బర్రెకు ఎక్కువ మేత ఏస్తె ఎక్కువ పాలిస్తది. గీటికి ఎక్కువేస్తె అదే చావు" అన్నది. తినగా మిగిలిన మేత కుళ్ళి నీరు విషమవుతుంది. కనుక చిటికెడు కంటే ఎక్కువ వేయకూడదు. చేపలు నోరు తెరచి అద్దం దగ్గరకు వచ్చినా జాలిపడకూడదు. కడుపు నిండా పెట్టడమే ప్రేమ అని పెరిగిన మనబోటి వారికి ఇది కష్టమైన పాఠం.

తరువాత 2021 ఫిబ్రవరి వచ్చింది. ఆ నెల నడిమి వారంలో టెక్సస్ రాష్ట్రమంతటా పెద్ద మంచు తుపాను కొట్టింది. డాలస్‌లో చలి సున్నాకు దిగువన దాదాపు 19 డిగ్రీలకు దిగింది. లక్షలాది ఇళ్ళకు కరెంటు పోయింది. మేనల్లుడి ఇంటికీ పోయింది. తొట్టిలో నీటిని త్రిప్పే మోటారు ఆగింది, నీటిని వెచ్చగా ఉంచే హీటరు ఆగింది. నీరు కదలకపోతే గాలి కలవదు. గాలి కలవకపోతే లోపలి జీవులకు ఊపిరి లేదు. మేనల్లుడు తల పట్టుకొని కూర్చున్నాడు.

అక్క మాత్రం, "మనకాడ కరెంటు పోవుడు కొత్తనా?" అని లేచింది. ఇంట్లోని దుప్పట్లన్నీ తెచ్చి తొట్టి చుట్టూ కప్పింది. గ్యాసు పొయ్యిని అగ్గిపుల్లతో వెలిగించి నీళ్ళు కాచి, సీసాలలో నింపి, మూత బిగించి తొట్టిలో తేలవేసింది. చెంబుతో తొట్టి నీళ్ళే ముంచి, మూరెడు ఎత్తు నుండి మళ్ళీ అందులోనే ధారగా పోసింది. పాలు చల్లార్చేటప్పుడు పోస్తామే, అట్లాగే. పోసిన ప్రతిసారీ నీటిలో గాలి కలుస్తుంది. రెండు రాత్రులు, నడుమ ఒక పగలు, తల్లీకొడుకులు వంతులు వేసుకొని ఈ పని చేశారు. ఆ పక్క గదిలో పసిబిడ్డనూ బాలింతనూ వెచ్చగా ఉంచుతూనే ఇదంతా చేశారు.

కరెంటు వచ్చేసరికి రాతి పగడాలలో సగం చనిపోయాయి. వాటి ఒళ్ళు కరిగి కింది తెల్లని సున్నపు గూడు బయటపడింది. మెత్తని పగడాలు, చేపలు, ఆ రొయ్య బ్రతికాయి. అక్క ఫోన్లో ఆ తెల్లబడిన కొమ్మలు చూపిస్తూ, "తమ్మీ, మీ కిటికీల ఉన్నది గిదే గదరా" అన్నది. మేము వెనుదిరిగి మా కిటికీ వైపు చూశాము. అంతవరకు అందంగా కనబడిన ఆ తెలుపు ఆ రోజు వేరుగా కనబడింది.

మా తొందర

ఇంత విన్న తరువాత మాకు బుద్ధి రావలసింది. కాని వచ్చినది ఆశ. అక్క తిరిగి వచ్చి ఊరంతా ఆ ముచ్చట్లే చెప్పింది. మా పిల్లలు, సండే స్కూల్ పిల్లలు, "మనమూ పెడదాము" అని పట్టుబట్టారు. నిజం చెప్పాలంటే, వారికంటే మాకే ఎక్కువ కోరిక. మేనల్లుడు వద్దన్నాడు. "చిన్న తొట్టి తేలిక అనుకుంటరు మామా, అదే కష్టం. నీళ్ళు తక్కువైతే తప్పు త్వరగా విషమైతది" అన్నాడు. మేము వినలేదు.

2022 మే నెలలో ఒక పట్టణానికి వెళ్ళి రెండడుగుల తొట్టి, ఒక ఉప్పు పొట్లం, రెండు నారింజ రంగు క్లౌన్ చేపలు, ఒక సన్యాసి పీత కొన్నాము. మా నెల రాబడిలో సగం అయిపోయింది. అంగడివారు లోపలి నుండి బ్రతికి ఉన్న పగడపు ముక్క కూడా తెచ్చి చూపించి, ఎక్కువ ధర చెప్పారు. డబ్బు చాలక మానుకున్నాము. మా మంచితనం వల్ల కాదు.

ఇంటికి వచ్చి బోరు నీటిలో ఆ ఉప్పు కలిపాము. మరుసటి రోజే జీవులను వదిలాము. పాలమూరు ఎండలు మీకు తెలియనివి కావు. రోజురోజుకూ నీరు తగ్గుతూ వచ్చింది. తగ్గినప్పుడల్లా, సముద్రపు నీరు గదా అని, వంటింటి ఉప్పు కలిపిన నీళ్ళే పోశాము. మూడవ రోజు చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరిచాయి. ఆకలేమోనని మేత వేశాము. ఐదవ రోజు తెల్లవారేసరికి రెండూ అడుగున పడి ఉన్నాయి. పీత మరి నాలుగు రోజులుండి, తన శంఖంలో నుండి సగం బయటికి వచ్చి చనిపోయింది.

అప్పుడు పదేళ్ళున్న మా చిన్నమ్మాయి ఏడవలేదు. పెరట్లో జామచెట్టు కింద వాటిని పూడ్చిపెట్టి వచ్చి, "నాన్నా, అవి ఉన్నచోట మంచిగనే ఉండె గదా. మనమెందుకు తెచ్చినం?" అని అడిగింది. ప్రతి ఆదివారం ఉపదేశం చేసే మా నోట ఆ రోజు మాట రాలేదు. మా సతీమణి ఆమెను దగ్గరకు తీసుకొని, "తప్పయిందమ్మా" అన్నది. అంతకుమించి చెప్పదగినది కూడా లేదు.

లెక్క తెలిసిన తరువాత

సిగ్గు విడిచి మేనల్లుడిని అడిగాము, ఎక్కడ తప్పు జరిగిందని. అతడు ఒక్కొక్కటే చెప్పాడు.

మొదటిది, సముద్రపు నీరంటే ఉప్పునీరు మాత్రమే కాదు. ఒక లీటరులో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో ఎక్కువ భాగం మనం తినే ఉప్పే అయినా, దానితోపాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం వంటివి తగిన పాళ్ళలో ఉంటాయి. లీటరుకు కాల్షియం 400 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 1,300 మిల్లీగ్రాముల ప్రాంతంలో ఉంటేనే పగడం గూడు కట్టగలదు. వంటింటి ఉప్పులో ఈ పాళ్ళు లేవు.

రెండవది, బోరు నీరు. ఉమ్మడి పాలమూరు జిల్లాలో ఎన్నో ఊళ్ళకు ఫ్లోరైడ్ నీళ్ళ బాధ తెలిసినదే. మనం త్రాగడానికే శుద్ధి చేసిన నీటి డబ్బా తెచ్చుకుంటున్నామే, అటువంటి నీటినే ఇంకా శుద్ధి చేసి, దానిలో ఉప్పు కలపాలి.

మూడవది మా మూఢత్వం. నీరు ఆవిరైపోతుంది గాని ఉప్పు ఆవిరి కాదు. ఉప్పు మడులలో జరిగేది అదే కదా! తగ్గిన మేరకు మంచినీళ్ళే పోయాలి. మేము ఉప్పునీళ్ళు పోసి, రోజురోజుకూ ఆ తొట్టిని ఉప్పు మడి చేశాము.

నాల్గవది అన్నిటికంటే ముఖ్యమైనది. కొత్త తొట్టి ప్రాణంలేని తొట్టి. జీవుల మలమూత్రాల నుండి అమ్మోనియా పుడుతుంది, అది విషం. ఒక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మారుస్తాయి, అదీ విషమే. మరొక జాతి దానిని నైట్రేటుగా మారుస్తుంది, దాని వల్ల హాని తక్కువ. పేడ మాగి ఎరువైనట్లే ఇదీ. ఈ సూక్ష్మజీవులు రాళ్ళ మీద, ఇసుకలో స్థిరపడడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు ఖాళీ తొట్టినే కాచుకొని కూర్చోవాలి. కంటికి కనబడేది ఏమీ ఉండదు. మేము ఒక్క రాత్రి ఆగాము.

ఐదవది వేడి. పగడపు తొట్టి 25, 26 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. మే నెలలో మా ఇంట్లో మనుషులకే ఊపిరాడదు.

ఇదంతా విన్న తరువాత మాకు సముద్రం మీద భయభక్తులు కలిగాయి. డబ్బు, యంత్రాలు పెట్టి, ప్రతిరోజూ కొలిచి కొలిచి మనిషి ఒక అద్దాల పెట్టెలో కాపాడుకొనే ఈ పాళ్ళను సముద్రం ఎవరి సాయమూ లేకుండా యుగయుగాలుగా కాపాడుకుంటున్నది. ఇప్పుడు ఆ సముద్రమే వేడెక్కుతున్నది. మామూలు వేసవి వేడికి ఒక డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు నిలిచినా, పగడం తన ఒంటిలోని నాచును బయటికి నెట్టివేస్తుంది. రంగు పోయి తెల్లబడుతుంది. త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చనిపోతుంది. రామేశ్వరం దగ్గరి మన్నారు సింధుశాఖలో 1998, 2010, 2016 సంవత్సరాలలో ఇట్లా జరిగింది. 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రపంచమంతటా ఇది నాల్గవసారి జరుగుతున్నదని ప్రకటించారు. అదే మన్నారు సింధుశాఖలో ఒకప్పుడు సున్నం కోసం, సిమెంటు కోసం పగడాలను త్రవ్వి తీశారు. అక్కడి 21 దీవులలో రెండు నీట మునగడానికి ఆ త్రవ్వకం కారణమైంది. 1986లో ఆ దీవులను సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించారు.

అప్పుడే మేనల్లుడు ఇంకొక సంగతి చెప్పాడు. మన దేశంలో 2001 నుండి రాతి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అంటే పెద్దపులి ఉన్న జాబితాలోనే! వాటిని తీయడం, అమ్మడం, కొనడం నేరం. చనిపోయిన కొమ్మకైనా ఇదే వర్తిస్తుంది. పక్కనున్న నల్లమలలో పులి గోరు ఎవరైనా ఇస్తే మేము భయపడి వద్దనేవాళ్ళము. పగడపు కొమ్మను మాత్రం పదేళ్ళు కిటికీలో పెట్టి పిల్లలకు చూపించాము.

ఆ వారమే దానిని గుడ్డలో చుట్టి అటవీశాఖ కార్యాలయానికి తీసుకువెళ్ళాము. మనసులో కొంచెం బెదురు ఉన్నది. అక్కడి అధికారి దానిని త్రిప్పి త్రిప్పి చూసి, మా మాటలు విని, కాగితం వ్రాయించుకొని తీసుకున్నారు. "ఇక్కడికి పగడం తెచ్చినవారు మీరే మొదలు" అని నవ్వారు. తిరుగుదారిలో బస్సులో మా ఒడి ఖాళీగా ఉన్నా, మనసు తేలికపడింది.

ఆటు వేళ

2024 జనవరిలో సేవకుల కూడిక కోసం విశాఖపట్నం వెళ్ళవలసి వచ్చింది. పిల్లలనూ వెంట తీసుకువెళ్ళాము. విశాఖ తీరంలో అండమాన్, లక్షద్వీపాలలో వలె పగడపు దీవులు లేవు. కాని బీచి రోడ్డు పొడవునా, ఋషికొండ వైపు, రాళ్ళ మధ్య గుంటలున్నాయి. బెస్తవారిని అడిగి ఆటు వేళ తెలుసుకొని, తెల్లవారుజామున వెళ్ళాము. సముద్రం వెనక్కి తగ్గిన వేళ ప్రతి గుంటా ఒక తొట్టి! చేతులు చాచిన పువ్వు వలె ఎనిమోన్, అడుగున శంఖాన్ని ఈడ్చుకుంటూ సన్యాసి పీత, రాతికి ఆకుపచ్చని చాప పరిచినట్లు జోయాంథిడ్లు. ఇవి పగడాలకు దగ్గరి చుట్టాలు. మోటారు లేదు, హీటరు లేదు, కరెంటు బిల్లు లేదు. గంటలు లెక్కపెట్టుకొని పోటు వచ్చి నీరు మార్చిపోతుంది.

మా చిన్నమ్మాయి ఒక గుంట దగ్గర అరగంట కూర్చుంది. ఒక్కసారి కూడా చేయి పెట్టలేదు. ఒక బాబు పీతను తీసి సీసాలో వేసుకోబోతే, "వద్దన్నా, ఇంటికి తెస్తే బతకదు, మేము చూసినం" అన్నది. ఆ మాట మాకు తగిలింది, ధైర్యాన్నీ ఇచ్చింది.

ఇంటికి వచ్చిన తరువాత వచ్చిన ఆదివారం సండే స్కూల్‌లో పిల్లలందరి ముందు నిలబడి, "ఇన్నేళ్ళు మీకు ఒక తప్పు చెప్పాము. ఆ కొమ్మ రాయి కాదు, ప్రాణులు కట్టిన ఇల్లు. దానిని మేము ఉంచుకోవలసింది కాదు" అని ఒప్పుకున్నాము. పిల్లలు ఒక నిమిషం నిశ్శబ్దంగా ఉన్నారు. తరువాత ఒక చిన్నవాడు లేచి, "అయ్యగారూ, మరి ఆ ఇంటోల్లు ఏడికి పోయిన్రు?" అని అడిగాడు. ఆ రోజు పాఠమంతా ఆ ప్రశ్న మీదనే నడిచింది.

ఇప్పుడా రెండడుగుల తొట్టి సండే స్కూల్ గదిలో ఉన్నది. అందులో మంచినీళ్ళు, కొద్దిగా నాచు, ఎనిమిది గప్పీ చేపలు. ఆరు వారాలు ఖాళీగా ఉంచి, తరువాతనే వదిలాము. మేత చిటికెడే. వేసే వంతు పిల్లలది, కొలిచే వంతు మా అక్కది. మీ ఇంట పిల్లలు చేపలు కావాలని అడిగితే కాదనకండి. ముందు ఖాళీ తొట్టిని ఆరు వారాలు కాచుకొని ఉండమనండి. ఆ ఓర్పు ఉన్న బిడ్డ చేతిలో ప్రాణం క్షేమంగా ఉంటుంది. సముద్ర తీరానికి వెళ్ళినప్పుడు మాత్రం చూచి రండి, తేకండి.

మా కిటికీ గట్టు ఖాళీగానే ఉన్నది. అక్కడ ఇంకేమీ పెట్టలేదు.